మినెట్ డిసిల్వాకు ‘తొలి మహిళ’ అన్న గుర్తింపు ఒక్కటే సరిపోతుందా?

తిరుపతి విద్యార్థి:
శ్రీలంక ఆర్కిటెక్ట్ మినెట్ డిసిల్వా (1918–1998) గురించి ఇక్కడ తిరుపతిలో మా మిత్రుల మధ్య జరిగిన వాదన తెగలేదు కనుక దాన్ని పెద్దల ముందు పెడుతున్నాను. 1948లో బ్రిటన్ ఆర్కిటెక్ట్‌ల రాయల్ ఇన్‌స్టిట్యూట్‌లో అసోసియేట్‌ సభ్యురాలిగా ఎన్నికైన తొలి ఆసియా మహిళ ఆమె అన్న సంగతి అందరం ఒప్పుకుంటాం. అయితే ఆమె కట్టినవి తక్కువ, వాటిలో చాలా కట్టడాలు ఇప్పుడు లేవు. ఆ దేశపు ఆధునిక శైలికి మూలపురుషుడు మరో ఆర్కిటెక్ట్ జెఫ్రీ బావాయేనని, ఆమె ఘనత ఆ ‘తొలి’ అన్న మాట దగ్గరే ఆగిపోతుందని నా అభిప్రాయం. కాదనేవారు కారణం చెప్పగలరు.

శ్రీకాళహస్తి ఆర్కిటెక్ట్:
మీతో నేను ఏకీభవించలేను. ముందు సంవత్సరాలు చూడండి. ఆమె లండన్ చదువు ముగించుకుని వచ్చి, కాండీలో కరుణరత్నె దంపతుల ఇంటి పని చేపట్టినది 1949లో, ముగించినది 1951లో. బావా ఆర్కిటెక్ట్‌గా అర్హత పొందినదే 1957లో. ఆయన ప్రతిభను తక్కువ చేయాలని నాకు లేదు. కొండను ఆనుకుని ఆయన కట్టిన కందలమ హోటల్‌ను ఎవరు మెచ్చుకోరు? కానీ ఆయన రాకముందే ఆ దారిలో ఒకరు నడిచి ఉన్నారు.

ఆ ఇంటిని కాస్త దగ్గరగా చూద్దాం. ఏటవాలు స్థలాన్ని చదును చేయకుండా, వాలును అనుసరించి గదులను వేర్వేరు ఎత్తుల్లో అమర్చారు. కాంక్రీటు, గాజు ఇటుకలు వాడిన ఆ ఇంట్లోనే దుంబర చాపల నేతకూ (శ్రీలంక సంప్రదాయ చేనేత), స్థానిక కళాకారులు కాల్చిన మట్టి పలకలకూ చోటిచ్చారు. గోడపై చిత్రాన్ని శ్రీలంక చిత్రకారుడు జార్జ్ కీట్ చేత వేయించారు. చేతిపనివారిని ఆమె ఇల్లు పూర్తయ్యాక అలంకరణకు పిలవలేదు, ప్లాను గీస్తున్నప్పుడే లెక్కలోకి తీసుకున్నారు. మా ఊళ్లో కలంకారీ పనివారికి ఈ తేడా ఎంత పెద్దదో వేరే చెప్పనక్కర్లేదు: ఇక్కడ కొత్తగా కట్టే హోటళ్లు అన్నీ అయిపోయాక, లాబీలో ఖాళీగా మిగిలిన గోడ కొలత ఇచ్చి, దానికి సరిపడా గుడ్డ అడుగుతాయి.

చిత్తూరు బిల్డర్:
మేడమ్, చేతిపని ముచ్చట డబ్బున్న ఒక కుటుంబం ఇంటికి సరిపోతుంది. వందల ఇళ్లు కట్టాల్సి వచ్చినప్పుడు ఇది సాగదు. ఎవరి కోరిక వారు చెబుతూ పోతే పునాది కూడా లేవదు. సైటు మీద నిలబడి పని చేయించేవాడిగా చెబుతున్నాను.

శ్రీకాళహస్తి ఆర్కిటెక్ట్:
మీ అనుభవాన్ని గౌరవిస్తూనే అంటున్నాను, ఆ పరీక్షకు కూడా ఆమె నిలబడ్డారు. కాండీ దగ్గర వటపులువలో 1958లో ప్రభుత్వోద్యోగుల కోసం రెండు వందలకు పైగా ఇళ్ల కాలనీని రూపొందించారు. వేర్వేరు మతాలు, భాషలు, ఆదాయాలు ఉన్న కుటుంబాలవి. వారికి ప్రశ్నపత్రాలు పంపి, సమావేశాలు జరిపి, వచ్చిన సమాధానాలను బట్టి కొన్ని నమూనాలను తయారు చేశారు. అంటే కోరికలన్నిటినీ విడివిడిగా తీర్చబూనలేదు. వాటిని వర్గాలుగా కూర్చి, వాలుకూ ఖర్చుకూ కుదిరేలా మలిచారు. తిరుపతి చుట్టూ వెలుస్తున్న వెంచర్లలో వంటగది ఎటు ఉండాలో వండేవారిని, మెట్లు ఎంత ఎత్తు ఉండాలో ముసలివారిని అడిగినవారు ఎందరు?

తిరుపతి విద్యార్థి:
వటపులువ సంగతి బలమైనదే, ఒప్పుకుంటున్నాను. కానీ ఇంత చేసినావిడ పేరు ఎందుకు నిలవలేదు? లోపం ఆమె పనిలోనే ఉందేమో కదా?

శ్రీకాళహస్తి ఆర్కిటెక్ట్:
పేరు నిలవడానికి పని ఒక్కటే చాలదండీ. బావా కృషిని కాపాడేందుకు 1982లోనే ట్రస్టు ఏర్పడింది. ఆమె వెనుక అలాంటి సంస్థ లేదు, కాండీలోని ఆమె సొంత ఇల్లే శిథిలమైపోయింది. శ్రీలంక ఆర్కిటెక్ట్‌ల సంస్థ బంగారు పతకం ఇచ్చినది 1996లో, అంటే చనిపోవడానికి రెండేళ్ల ముందు. ఆత్మకథ వెలువడినది మరణించిన 1998లోనే. బొంబాయి జె.జె. స్కూల్లో చదువుతుండగా, గాంధీజీ విడుదల కోసం జరిగిన ఊరేగింపులో పాల్గొని, క్షమాపణ రాసివ్వనన్నందుకు బహిష్కరణకు గురైన మనిషి ఆమె. అలాంటి మనిషికి పలుకుబడి గలవారి చుట్టూ తిరిగి పనులు తెచ్చుకోవడం చేతకాకపోయి ఉండవచ్చు, ఇది నా ఊహ మాత్రమే. కట్టడాలు కూలిపోయాయి కాబట్టి పని చిన్నదని తేల్చడం మాత్రం న్యాయం కాదు. కరుణరత్నె ఇంటి ప్లానునూ, వటపులువ నమూనాలనూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. ఆ తర్వాత కూడా మీకు బావాయే మూలపురుషుడు అనిపిస్తే, ఆ ప్లాన్ల మీదనే వాదిద్దాం.