మెదడు ఎంఆర్ఐలో తెల్లమచ్చలు: ఎంఎస్ అని ఎలా తేలింది? మీ అనుభవాలు చెప్పండి

హనుమకొండ తమ్ముడు:
మా అక్కకు 31 ఏళ్లు. సంక్రాంతి వెళ్లిన వారానికి ఎడమ కన్ను మసకబారింది. కన్ను తిప్పితే నొప్పి, ఎర్రచీర కూడా వెలిసిపోయినట్టు కనిపించేది. కంటి డాక్టరు కంటి నరం వాచినట్టుందని చెప్పి న్యూరాలజిస్టు దగ్గరికి పంపారు. మొదట తీసిన సీటీ స్కాన్ నార్మల్ అని వచ్చింది. తర్వాత కాంట్రాస్ట్ (మచ్చలు బాగా తెలియడానికి రక్తంలోకి ఎక్కించే మందు) లేకుండా తీసిన మెదడు ఎంఆర్ఐలో జఠరికల (మెదడు లోపలి నీటి గదుల) పక్కన నాలుగు మచ్చలు ఉన్నాయని, డీమైలినేషన్ (నరాల మీది మైలిన్ పొర దెబ్బతినడం) కావచ్చని, రోగి లక్షణాలతో సరిపోల్చుకోవాలని రాశారు. ఒక డాక్టరు ఇది మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్), అంటే మన రోగనిరోధక శక్తే ఆ పొరను దెబ్బతీసే జబ్బు అన్నారు, మరొకరు తొందరపడవద్దన్నారు. మచ్చలు కనిపించాక కూడా సందేహం ఎందుకో మాకు అర్థం కావడం లేదు. ఈ దారిలో నడిచినవారు చెప్పగలరు.

జమ్మికుంట టీచర్:
తమ్ముడూ, నాకు ఎంఎస్ ఉందని తేలి తొమ్మిదేళ్లయింది. మొదటి స్కాన్‌లో మచ్చలున్నా, నాకు ముందునుంచీ తలనొప్పి ఉండడంతో మైగ్రేన్ మచ్చలేనని పంపేశారు, వెన్నుపాము స్కాన్ చేయనేలేదు. ఏడాది తిరగకముందే అరికాళ్ల నుండి నడుము దాకా తిమ్మిరి ఎక్కింది, హాజరు పట్టీ రాయడానికి తల వంచితే వెన్ను వెంబడి కరెంటు పాకినట్టయ్యేది. రెండోసారి మెదడుకూ మెడ వెన్నుపాముకూ కలిపి కాంట్రాస్ట్‌తో తీశారు. డాక్టరు గారు ఫిల్మును లైటుకు పెట్టి, పక్కనుండి తీసిన బొమ్మలో జఠరికల మీదుగా పైకి లేచిన కోలమచ్చలను పెన్నుతో చూపించారు, చేతివేళ్లు నిటారుగా నిలబెట్టినట్టే ఉన్నాయి. చిన్న సిరల వెంబడి వాపు పాకడం వల్ల వాటికి ఆ ఆకారం వస్తుందని, డాసన్ వేళ్లు అంటారని చెప్పారు. ఆ మచ్చల్లో ఒక్కటే కాంట్రాస్ట్‌తో వెలిగింది, మిగతావి వెలగలేదు. పాతవీ కొత్తవీ ఒకే స్కాన్‌లో దొరికాయి కనుక, జబ్బు వేర్వేరు సమయాల్లో దాడి చేసిందనడానికి అదే రుజువైంది.

కాజీపేట స్కానింగ్:
నేను ఎంఆర్ఐ టెక్నీషియన్‌ని. రోగాన్ని నిర్ధారించేది డాక్టర్లే అయినా, బొమ్మ గురించి కొంత చెప్పగలను. సీటీ నార్మల్ అని రావడంతో నిశ్చింత పడకూడదు. 1981లో లండన్‌లో పది మంది ఎంఎస్ రోగులను రెండు రకాలుగానూ పరీక్షించినప్పుడు, సీటీకి 19 మచ్చలు దొరికితే, ఎంఆర్ఐ అవి కాక మరో 112 చూపింది. మామూలు టీ2 బొమ్మలో మచ్చా తెలుపే, జఠరికల్లోని నీరూ తెలుపే, అందువల్ల అంచున ఉన్న మచ్చ నీటిలో కలిసిపోతుంది. ఫ్లెయిర్ బొమ్మలో నీటిని నల్లగా అణచివేస్తాము కాబట్టి మచ్చ విడిగా తేలుతుంది. గడోలినియం కాంట్రాస్ట్ ఎక్కించినప్పుడు, మెదడు రక్తనాళాల గోడ వాపు వల్ల సందిచ్చిన చోట మందు బయటికి కారి మచ్చ వెలుగుతుంది. ఆ వెలుగు సాధారణంగా కొద్ది వారాలే ఉంటుంది, పైగా స్టెరాయిడ్ ఇంజెక్షన్లు మొదలుపెడితే త్వరగా తగ్గిపోతుంది, కాబట్టి ఇంజెక్షన్లు పడ్డాయా లేదా అన్నది స్కాన్‌కు ముందే మాకు చెప్పండి. కిడ్నీ పనితీరు తెలియడానికి క్రియాటినిన్ రిపోర్టు తెచ్చుకోండి, గర్భం ఉండే అవకాశం ఉంటే దాచవద్దు.

ఇక సందేహం ఎందుకంటే, బీపీ, మైగ్రేన్, వయసు వల్ల కూడా తెల్లమచ్చలు వస్తాయి. అవి ఎక్కువగా లోపలి తెల్లపదార్థంలో చుక్కల్లా ఉంటాయి. ఎంఎస్ మచ్చ కనీసం 3 మిల్లీమీటర్లు ఉండి, జఠరికను ఆనుకునో, మెదడు పైపొర దగ్గరో, చిన్నమెదడు, మెదడు కాండం భాగంలోనో, వెన్నుపాములోనో ఉంటుంది. ఎంఎస్ నిర్ధారణకు డాక్టర్లు వాడే 2017 మెక్‌డొనాల్డ్ ప్రమాణాల ప్రకారం ఈ నాలుగు చోట్లలో కనీసం రెండింటిలో మచ్చలుండాలి. మీ అక్కకు జఠరికల పక్కనే ఉన్నాయంటున్నారు, అంటే ఆ లెక్కకు ఒక్క చోటే. అయితే 2024 సవరణలో కంటి నరాన్ని అయిదో చోటుగా చేర్చారు కాబట్టి, కంటి నరానికి కూడా స్కాన్ అవసరమా అని డాక్టరును అడగండి.

ములుగు రోడ్డు:
మా అబ్బాయి విషయంలో మేము పడిన కష్టం ఇంకొకరికి రాకూడదని రాస్తున్నాను. వాడికీ మొదట కన్నే పోయింది, ఎంఎస్ అనుకొని మందు మొదలుపెట్టబోయారు. వెన్నుపాము స్కాన్‌లో మచ్చ మూడు వెన్నుపూసలకు మించి పొడవుగా కనిపించడంతో ఒక పెద్దాయన ఆపించి, ఆక్వాపోరిన్-4 యాంటీబాడీ రక్తపరీక్ష రాశారు. పాజిటివ్ వచ్చింది. అది ఎన్ఎంఓ (న్యూరోమైలైటిస్ ఆప్టికా) అనే, కంటి నరాన్నీ వెన్నుపామునూ దెబ్బతీసే వేరే జబ్బు, ఎంఎస్‌కు వాడే కొన్ని మందులు దాన్ని ఇంకా ముదిరేలా చేస్తాయి. తొందరపడవద్దన్న డాక్టరు మీద కోపం తెచ్చుకోకండి.

హనుమకొండ తమ్ముడు:
అందరికీ నమస్కారాలు. మచ్చలు నాలుగు అనగానే అక్క నాలుగు గండాలన్నట్టు లెక్కపెట్టుకుంటోంది. మచ్చల సంఖ్యను బట్టి కాళ్లు చేతులు పడిపోవడం ఉంటుందా?

జమ్మికుంట టీచర్:
అలా లెక్కించవద్దని అక్కకు చెప్పు తమ్ముడూ. నాకు పదికి పైగా ఉన్నాయి, ఇప్పటికీ నిలబడే పాఠం చెబుతున్నాను. వెన్నుపాములో ఒక్క చిన్న మచ్చతో నడక కష్టమైనవారూ ఉన్నారు. ఎక్కడ ఉందన్నది ముఖ్యం, కొత్తవి పుడుతున్నాయా అన్నది అంతకన్నా ముఖ్యం. ఒంటికి ఏమీ తెలియకుండానే కొత్త మచ్చ రావచ్చు కాబట్టి, మందు మొదలుపెట్టిన ఆరు నెలలకు ఒకసారి, ఆ తర్వాత ఏడాదికోసారి నాకు స్కాన్ తీస్తున్నారు. ప్రతిసారీ కాంట్రాస్ట్ ఇవ్వరు.

కాజీపేట స్కానింగ్:
వీలైనంతవరకు ఒకే మెషీన్ మీద, ఒకే పద్ధతిలో తీయించండి. 1.5 టెస్లా (అయస్కాంత బలం కొలత) మెషీన్ మీద ఒకసారి, 3 టెస్లా మీద ఒకసారి తీస్తే ముందునుంచీ ఉన్న మచ్చ కొత్తదిలా కనిపించవచ్చు. ఫిల్ములతో సరిపెట్టుకోక సీడీ అడిగి తీసుకొని, పెన్‌డ్రైవ్‌లో కూడా ఎక్కించుకోండి. పాత సీడీ పక్కన పెట్టి చూస్తేనే డాక్టరు గారికి తేడా తెలుస్తుంది.

హనుమకొండ తమ్ముడు:
నిన్న మెదడు, కంటి నరాలు, వెన్నుపాము కలిపి కాంట్రాస్ట్‌తో తీయించాము. దాదాపు గంటసేపు మెషీన్‌లో కదలకుండా పడుకుంది. మెడ భాగంలో ఒక చిన్న మచ్చ ఉంది, పొడవుగా లేదు. ఎడమ కంటి నరం వెలిగింది. ఆక్వాపోరిన్ పరీక్షకు రక్తం ఇచ్చాము. రెండు సీడీలూ సంచిలో పెట్టుకొని సోమవారం కాజీపేటలో పొద్దుటి రైలెక్కి హైదరాబాదు వెళ్తున్నాము, డాక్టరు గారు ఏమన్నారో ఇక్కడే రాస్తాను.