అప్‌డేట్: అటకలో మంచు పేరుకోవడానికి కారణం తెలిసింది

మిషిగన్‌లోని మా ఇంటి అటకలో పైకప్పు చెక్కల అడుగున మంచు పేరుకుంటోందనీ, అది కరిగినప్పుడల్లా పడకగది సీలింగ్ మీద మరకలు పడుతున్నాయనీ, ఇన్సులేషన్ మరికొంత పోయిస్తే సరిపోతుందా అనీ గత జనవరిలో అడిగాను. ముందు ఇంట్లోని గాలి అటకలోకి పోయే సందులు మూయించమన్న వారి మాటే నిజమైంది, వారికి నా కృతజ్ఞతలు.

టార్చి పట్టుకుని అటక ఎక్కి చూస్తే, స్నానాలగది ఫ్యాన్ గొట్టం ఇంటి బయటికి కాక అటకలోకే తెరుచుకుని ఉంది. దాని చుట్టుపక్కల బయటికి పొడుచుకొచ్చిన ప్రతి మేకు మొనకూ బియ్యపు గింజంత మంచు పూస కట్టి ఉంది. పైగా చూరు కింది గాలి రంధ్రాలను పాత ఇన్సులేషన్ పూర్తిగా కప్పేసింది. ఇంట్లోని తేమ పైకి చేరడానికి దారి ఉంది గానీ, అక్కడి నుంచి పోవడానికి దారి లేదన్నమాట.

గొట్టాన్ని పైకప్పు మీదుగా బయటికి పెట్టించి, వైర్లూ నీటి పైపులూ సీలింగును దాటే చోట్ల ఫోముతోనూ, పొగగొట్టం చుట్టూ మాత్రం రేకుతోనూ, మంటను తట్టుకునే సీలెంటుతోనూ సందులు మూయించాము. చూరు వెంట రాఫ్టర్ల (పైకప్పును మోసే ఏటవాలు దూలాల) మధ్య గాలి ఆడేందుకు బాఫిళ్లు (ఇన్సులేషన్ గాలి దారిని కప్పేయకుండా ఆపే పలకలు) బిగించిన తరువాతే సెల్యులోజ్ (కాగితపు పీచు ఇన్సులేషన్) 14 అంగుళాల మందాన పోయించాము. వేడి పోకుండా ఎంత ఆపుతుందో చెప్పే ఆర్-విలువ 49 రావాలంటే సుమారుగా అంత కావాలి. అటక వైశాల్యం 1200 చదరపు అడుగులు కాబట్టి, ప్రతి 300 చదరపు అడుగుల అటకకు 1 చదరపు అడుగు లెక్కన 4 చదరపు అడుగుల గాలి దారిని చూరు దగ్గర సగం, శిఖరం దగ్గర సగం ఉంచాము.

నిన్న, బయట గడ్డకట్టే చలిలో, మళ్లీ ఎక్కి అవే మేకులను వేలితో తడిమి చూశాను. పొడిగా ఉన్నాయి. సీలింగు రంగు పని మాత్రం వేసవి దాకా ఆపుతున్నాను.