బరువు తగ్గితే స్లీప్ ఆప్నియా పోతుందా? సీప్యాప్ ముందా, బరువు ముందా?

కొలబద్ద
బీఎంఐ 34, ఏహెచ్ఐ 22 ఉన్న మనిషికి వెంటనే సీప్యాప్ పెట్టాలా, లేక ఆరు నెలలు బరువు మీదే పనిచేసి మళ్లీ పరీక్ష చేయించాలా? పగటి నిద్రమత్తు, గుండె జబ్బు లేకపోతే మొదటి అవకాశం బరువుకే ఇవ్వాలన్నది నా వాదన.

కొత్తవారి కోసం ఒక మాట. స్లీప్ ఆప్నియా అంటే నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి మాటిమాటికీ ఆగడం. సీప్యాప్ అంటే మాస్కు ద్వారా గాలి పీడనం పంపి గొంతును తెరిచి ఉంచే యంత్రం. బీఎంఐ అంటే ఎత్తుతో పోల్చి చూసే బరువు అంకె. ఏహెచ్ఐ అంటే నిద్రలో గంటకు ఎన్నిసార్లు ఊపిరి కనీసం 10 సెకన్ల పాటు ఆగిందో, లేదా బాగా తగ్గిందో చెప్పే అంకె. 5 నుంచి 15 స్వల్పం, 15 నుంచి 30 మధ్యస్థం, ఆపైన తీవ్రం.

నా ఆధారం విస్కాన్సిన్ స్లీప్ కోహోర్ట్, అంటే అమెరికాలో ఒకే గుంపును ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనం. 690 మందిని నాలుగేళ్ల తేడాతో రెండుసార్లు పరీక్షించి 2000లో ఫలితాలు ప్రచురించారు. బరువు 10 శాతం పెరిగినవారిలో ఏహెచ్ఐ సుమారు 32 శాతం పెరిగింది, 10 శాతం తగ్గినవారిలో సుమారు 26 శాతం తగ్గింది. సీప్యాప్ పెట్టుకున్న రాత్రే పనిచేస్తుంది. బరువు తగ్గితే ఆ మేలు పెట్టుకోని రాత్రికీ ఉంటుంది. పైగా 2016లో వచ్చిన సేవ్ ట్రయల్‌లో, అప్పటికే గుండె, మెదడు రక్తనాళాల జబ్బులున్న 2,717 మందిలో సీప్యాప్ గుండెపోటు, పక్షవాతం వంటి ఘటనలను తగ్గించలేకపోయింది.

నిద్ర_ల్యాబు
కొలబద్ద గారూ, మీరిచ్చిన అంకెలతోనే లెక్క వేద్దాం. 100 కిలోల మనిషి 10 కిలోలు తగ్గాడు, ఏహెచ్ఐ 26 శాతం పడింది. మొదట 22 ఉంటే సుమారు 16కు వస్తుంది, అంటే ఇంకా మధ్యస్థమే. మొదట 60 ఉంటే 44, ఇంకా తీవ్రమే. 10 కిలోలు తగ్గడం ఎంత కష్టమో తెలిసి కూడా దాన్నొక్కదాన్నే చికిత్సగా రాసివ్వడం నాకు సమ్మతం కాదు.

స్లీప్ అహెడ్ ట్రయల్ (2009) చూడండి. టైప్ 2 మధుమేహం ఉన్న 264 మందిలో ఒక వర్గానికి ఆహారం, వ్యాయామం విషయంలో గట్టి శిక్షణ ఇచ్చారు. ఏడాదిలో సగటున 10.8 కిలోలు తగ్గారు, ఏహెచ్ఐ రెండో వర్గం కన్నా గంటకు 9.7 ఎక్కువగా పడింది. మంచి ఫలితమే. కానీ ఆప్నియా పూర్తిగా పోయింది 13.6 శాతం మందికి మాత్రమే. మిగిలిన 86 శాతం మందికి ఆ ఏడాదంతా యంత్రం లేకుండా ఉండమని చెబుతామా?

సేవ్ ట్రయల్ గురించి రెండు విషయాలు వదిలేశారు. అందులో సీప్యాప్ వాడకం సగటున రాత్రికి 3.3 గంటలే. నిద్రమత్తు బాగా ఎక్కువ ఉన్నవారిని మొదటే పక్కన పెట్టారు. గుండె ఘటనలు తగ్గకపోయినా, పగటి మత్తు, మానసిక స్థితి, పనికి సెలవులు మెరుగయ్యాయి. బండి నడిపేవారికి అది చిన్న విషయం కాదు.

దవడ_గొంతు
ఇద్దరూ బరువును ఒకే అంకెగా చూస్తున్నారు. గొంతులో నిజంగా మారేదేమిటో చూడాలి.

కొవ్వు మూడు చోట్ల పనిచేస్తుంది. ఒకటి, గొంతు పక్క గోడల చుట్టూ చేరి దారిని ఇరుకు చేస్తుంది. మెడ చుట్టుకొలత అడిగేది ఇందుకే. మగవారిలో 43 సెంటీమీటర్లు, ఆడవారిలో 41 దాటితే అనుమానించాలి. రెండు, నాలుక లోపల, ముఖ్యంగా వెనక భాగంలో చేరుతుంది. పెన్సిల్వేనియా యూనివర్సిటీ బృందం 2020లో ఎమ్మారైతో చూపించింది ఇదే: బరువు తగ్గినవారిలో ఏహెచ్ఐ పడిపోవడానికి అన్నిటికన్నా ఎక్కువగా సంబంధం ఉన్నది నాలుకలో కొవ్వు తగ్గడానికి. మూడోది చాలామంది మరిచిపోయేది, పొట్ట. పడుకున్నప్పుడు పొట్టలోని కొవ్వు ఊపిరితిత్తుల కింది కండరమైన డయాఫ్రమ్‌ను పైకి నెడుతుంది, ఊపిరితిత్తుల్లో మిగిలే గాలి తగ్గుతుంది. మామూలుగా ఊపిరితిత్తులు నిండినప్పుడు శ్వాసనాళాన్ని కిందికి లాగి పట్టి గొంతును బిగువుగా ఉంచుతాయి. ఆ లాగుడు తగ్గితే గొంతు గోడలు వదులై కూలిపోతాయి. అందుకే ఒకే బీఎంఐ ఉన్న ఇద్దరిలో పొట్ట ఉన్నవారికి, తొడల్లో కొవ్వు ఉన్నవారికి ఫలితం ఒకేలా ఉండదు.

ఇవి కాక, కింది దవడ వెనక్కి ఉన్నవారు, పెద్ద టాన్సిల్స్ ఉన్నవారు, సన్నగా ఉండి కూడా ఏహెచ్ఐ 30 దాటినవారు ఉన్నారు. వీరిని బరువు తగ్గమనడం దండగ. దవడను ముందుకు పట్టి ఉంచే నోటి పరికరమో, శస్త్రచికిత్సో ఆలోచించాలి. ఇంకో రకం ఉంది: గొంతు అంత ఇరుకు కాకపోయినా, చిన్న అడ్డంకికే మేలుకునేవారు, లేదా ఊపిరిని అదుపు చేసే మెదడు వ్యవస్థ అతిగా స్పందించేవారు. వీరిలో కిలోలు తగ్గినా ఏహెచ్ఐ కొంతవరకే కదులుతుంది.

కాబట్టి ప్రశ్న వేసే ముందు నోరు తెరిపించి, దవడను పక్కనుంచి చూసి, మెడ, నడుము టేపుతో కొలవండి. బీఎంఐ 34 అన్న ఒక్క ముక్కతో ఏ మార్గమూ తేలదు.

కొలబద్ద
దవడ విషయం ఒప్పుకుంటాను. సన్నగా ఉన్నవారు నా ప్రశ్నలో లేరు.

కానీ 10 శాతమే గీత అనుకునే రోజులు పోయాయి. 2024లో వచ్చిన సర్మౌంట్-ఓఎస్ఏ రెండు ట్రయల్స్‌లో బరువు తగ్గించే మందు టిర్జెపటైడ్ తీసుకున్నవారు 52 వారాల్లో 18 నుంచి 20 శాతం దాకా బరువు తగ్గారు. మొదట 50 దగ్గరున్న ఏహెచ్ఐ ఒకదాంట్లో గంటకు 25.3, రెండోదాంట్లో 29.3 పడింది. ప్లాసిబో (ఉత్తుత్తి మందు) వర్గంలో పడింది 5 చిల్లర. ఆ ఏడాది డిసెంబర్‌లోనే ఊబకాయం ఉన్నవారిలో మధ్యస్థ, తీవ్ర ఆప్నియాకు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆ మందుకు అనుమతి ఇచ్చింది. ఇక ఏ మొహం పెట్టుకుని బరువును పక్క వాయిద్యం అంటాం?

నిద్ర_ల్యాబు
పక్క వాయిద్యం అని నేననలేదు, ఒంటరి వాయిద్యం కాదన్నాను. అవే ట్రయల్స్‌లో యంత్రం అక్కర్లేని స్థాయికి, అంటే ఏహెచ్ఐ 5 లోపు, లేదా 15 లోపు ఉండి మత్తు లేని స్థితికి వచ్చింది ఒకదాంట్లో 42 శాతం, ఇంకోదాంట్లో 50 శాతం. మిగిలిన సగం మందికి ఏడాది తర్వాత కూడా చికిత్స కావాలి. మందు ఆపితే బరువు తిరిగొస్తుందన్నది వేరే లెక్క.

అలాగని సీప్యాప్ పెట్టుకుంటే హుషారొచ్చి బరువు అదే తగ్గుతుందని చెప్పడమూ తప్పే. ట్రయల్స్ అన్నీ కలిపి చూస్తే సీప్యాప్ వర్గంలో బరువు సుమారు అర కిలో పెరిగింది. రాత్రంతా ఊపిరి కోసం పడే శ్రమ తగ్గుతుంది, శరీరం ఖర్చుచేసే శక్తి కూడా తగ్గుతుంది. కాబట్టి యంత్రం ఇచ్చిన రోజే ఆహార ప్రణాళిక కూడా చేతికివ్వాలి. 2014లో 24 వారాల ట్రయల్ ఒకటి ఈ రెంటినీ విడివిడిగా, కలిపి పోల్చింది. సీఆర్పీ (ఒంట్లో వాపును చూపే రక్తపరీక్ష అంకె), ఇన్సులిన్ నిరోధం, ట్రైగ్లిజరైడ్లు మెరుగైంది బరువు తగ్గిన వర్గాల్లోనే. చెప్పింది చెప్పినట్టు పాటించినవారిలో రక్తపోటు ఎక్కువగా తగ్గింది రెండూ కలిపినచోట.

ఒక్క వర్గానికి మాత్రం ఆరు నెలలు కాదు, ఆరు వారాలు కూడా ఆగకూడదు. బీఎంఐ 30 దాటి, మెలకువగా ఉన్నప్పుడే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ 45 మిల్లీమీటర్ల పాదరస పీడనం దాటినవారు. రక్తపరీక్షలో బైకార్బొనేట్ 27 లేదా పైన ఉంటే దీన్ని అనుమానించి రక్తవాయువుల పరీక్ష చేయించాలి.

రాత్రి_డ్యూటీ
సరే, 15 కిలోలు తగ్గారనుకుందాం. యంత్రం తెరమీద ఏహెచ్ఐ 1.2 చూపిస్తోంది, గురక లేదు. ఇక ఆపేయొచ్చా?

నిద్ర_ల్యాబు
తెరమీది 1.2 జబ్బు పోయిందనడానికి రుజువు కాదు. గాలి పీడనం గొంతును తెరిచి పట్టుకుని ఉండగా వచ్చిన అంకె అది. ఎక్కువమంది పొరపడేది ఇక్కడే.

పీడనాన్ని తానే సర్దుకునే ఆటో యంత్రమైతే చూడాల్సింది 95 శాతం పీడనం, అంటే 95 శాతం సమయం యంత్రం దాటని పీడనం. ముందు 12 సెంటీమీటర్ల నీటి పీడనం ఉండేది ఇప్పుడు 7కు దిగితే గొంతు మారిందని ఒక సూచన, అంతే. పీడనం మార్చకుండా ఒకేచోట పెట్టిన యంత్రమైతే, బరువు తగ్గాక పాత పీడనం ఎక్కువై కడుపులోకి గాలి పోవడం, తేన్పులు, నోటినుంచి లీకు మొదలవుతాయి. ముఖం సన్నబడి మాస్కు సైజు కూడా మారుతుంది. యంత్రం సరిపడటం లేదని వదిలేసేవారిలో కొందరికి కావాల్సింది కొత్త సెట్టింగు, చిన్న మాస్కు.

బరువు 10 శాతం మారితే మళ్లీ పరీక్ష చేయించాలి. ఆ పరీక్ష యంత్రం లేకుండా జరగాలి. ఎన్ని రోజుల ముందు ఆపాలో మీ డాక్టరే చెప్పాలి, బండి నడిపేవారైతే ఈ ముక్క మరీ ముఖ్యం.

దవడ_గొంతు
ఏ పరీక్ష అన్నది కూడా చూడండి. మెదడు తరంగాలు చూడని ఇంటి పరీక్ష మీరు ఎంతసేపు నిద్రపోయారో కొలవదు, రికార్డు చేసిన సమయంతో భాగిస్తుంది. 100 ఘటనలు, 8 గంటల రికార్డింగ్ అయితే 12.5. నిజంగా పడుకున్నది 5 గంటలే అయితే 20. బరువు తగ్గి సరిహద్దులో ఉన్నవారికి ఈ తేడాతోనే తీర్పు మారిపోతుంది. అందుకే వారికి ల్యాబులో మెదడు తరంగాలు కూడా చూసి చేసే నిద్ర పరీక్ష, పాలీసోమ్నోగ్రఫీయే నయం.

రిపోర్టులో మొత్తం ఏహెచ్ఐతో ఆగకుండా వెల్లకిలా పడుకున్నప్పటి అంకె, రెమ్ నిద్రలోని (కలలు ఎక్కువగా వచ్చే దశలోని) అంకె విడిగా అడగండి. బరువు తగ్గితే పక్కకు తిరిగి పడుకున్నప్పటి ఆప్నియా తేలిగ్గా పడుతుంది, వెల్లకిలా ఉన్నప్పటిది మొండిగా మిగులుతుంది. ఆ రాత్రంతా పక్కకే పడుకుంటే రిపోర్టు అందంగా వస్తుంది, ఇంట్లో వెల్లకిలా తిరిగిన రాత్రి పాత కథే.

కొలబద్ద
ఇంత విన్నాక నా మాట కొంచెం కుదించుకుంటాను. ఏహెచ్ఐ 30 పైన ఉన్నా, మత్తు ఉన్నా, బైకార్బొనేట్ 27 చేరినా యంత్రం ఆ వారమే. 15 నుంచి 30 మధ్య ఉండి, ఏ లక్షణమూ లేక, పొట్ట ఉన్నవారికి మాత్రం ఆరు నెలలు బరువుకు ఇవ్వడం తప్పంటే ఇప్పటికీ ఒప్పుకోను. గడువు ముందే రాసుకోవాలి, పరీక్ష తేదీ ముందే తీసుకోవాలి.

నిద్ర_ల్యాబు
ఆరు కాదు, మూడు నెలలైతే నాకు అభ్యంతరం లేదు. ఆ మూడు నెలలు కూడా పక్కకు తిరిగి పడుకోవాలి, నిద్రకు ముందు మద్యం, డాక్టరు రాయని నిద్రమాత్రలు ఉండకూడదు. లక్షణాలు లేవని తేల్చేటప్పుడు పగటి నిద్రమత్తును కొలిచే ఎప్‌వర్త్ ప్రశ్నావళితో పాటు పక్కన పడుకునే మనిషిని కూడా అడగాలి.