అప్‌డేట్: బోరు ఎండే పెరట్లో పూలు పూశాయి, ఒకటి తప్ప

విజయనగరంలో మా బోరు ఎండాకాలంలో పావుగంట కూడా ఆడదు, అంత తక్కువ నీళ్లతో ఏళ్ల తరబడి పూసే మొక్కలు ఏవని మార్చిలో అడిగాను కదా. మీరు చెప్పినవాటిలో కాగితం పూలు, బిళ్ళగన్నేరు, ఎడారి గులాబీ పెట్టాను. గన్నేరు మాత్రం మా అత్తయ్య వద్దన్నారు. నిలువెల్లా విషం, ఇంట్లో రెండేళ్ల మనవడున్నాడు. ఆవిడ మాటే రైటు.

కాగితం పూలకు మే నెలలో వారానికి రెండు చెంబులే పోశాను. మధ్యాహ్నం ఆకులు వాలిపోతే టెన్షన్ పడేదాన్ని. తీరా చూస్తే గోడంతా రాణీరంగు! మనం రేకులనుకునేవి నిజానికి ఆకులేనట, మధ్యలో సన్నగా, తెల్లగా ఉండేదే అసలు పువ్వు. వానలు పడ్డాక ఆకు పెరిగి పూలు తగ్గాయి, కొమ్మలు కత్తిరించాను.

బిళ్ళగన్నేరుకు నేను చేసిందేమీ లేదు. గింజలు రాలి, బట్టలుతికే చప్టా పగుళ్లలో కూడా మొలిచింది.

పోయింది ఎడారి గులాబీయే. రోజూ నీళ్లు పోయమని మొక్క అమ్మినతను చెప్పాడు, నేనూ నమ్మాను. జూలైలో మొదలు నొక్కితే పండిన జామకాయలా మెత్తగా దిగబడింది. కుళ్లని కొమ్మ కోసి, వారం నీడలో ఆరబెట్టి, సగం ఇసుక కలిపిన మట్టిలో గుచ్చాను. నిన్న రెండు చిగుళ్లు కనిపించాయి. ఈసారి చెంబు దాని దగ్గరికి తీసుకెళ్లను.