కాల్వ చివర గుంతలో నీళ్లు ఇంకడం లేదు, ఎవరైనా చెప్పండి

కాల్వగట్టు: పొద్దుట్నుంచి దీంతోనే సరిపోయింది. మా ఊరి మురుగు నీళ్ల సైడు కాల్వ చివర తవ్వించిన ఇంకుడు గుంత మళ్లీ పొంగి రోడ్డెక్కింది. కింద పెద్ద రాళ్లు, పైన కంకర, అన్నీ చెప్పినట్టే వేయించాం. ఇంజను పెట్టి తోడిస్తే రెండు రోజులు బాగుంటుంది, తర్వాత మామూలే. బడిపిల్లలు ఆ నీళ్లలోంచే నడుస్తున్నారు. ఏదో పౌడరు వేస్తే ఇంకుతుందంటున్నారు, నిజమేనా?

మట్టిమనిషి: నేల ఏది?

పాతమేస్త్రి: ముందు ఒక మాట. ఇంకుడు గుంత వాన నీళ్లకు. మీరు చెప్పేది వాడిన నీళ్ల గుంత, సోక్ పిట్ అంటారు.

వేపచెట్టు: మా జిల్లాలో రెండింటినీ ఇంకుడు గుంతనే అంటారు. పేరు మారిస్తే నీళ్లు ఇంకుతాయా?

పాతమేస్త్రి: ఇంకవు. కానీ వాడిన నీళ్ల గుంతకు ముందు మట్టి, జిడ్డు ఆగే తొట్టి ఉండాలి. వాన నీళ్ల గుంత అనుకుని కట్టినవాళ్లు అదే వదిలేస్తారు. అంట్ల నీళ్లలో నూనె, అన్నం మెతుకులు, సబ్బు తెట్టు వచ్చి రాళ్ల మీద జిగటగా పేరుకుంటాయి. ఒక రాయి తీసి వేలితో గీకి చూడండి, తెలుస్తుంది.

కాల్వగట్టు: తొట్టి లేదండి. జాలీ ఉంది. నేల నల్లరేగడి. సాగర్ కుడి కాల్వ కింద ఊరు కదా, అంతా అదే.

మట్టిమనిషి: అయితే ఇంకదు. సాగర్ కాల్వకు నీళ్లు వదిలినప్పుడు అడుగున ఊట కూడా పైకొస్తుంది. పౌడరుకు డబ్బులు తగలేయకండి.

వేపచెట్టు: ఎన్ని ఇళ్ల నీళ్లు వస్తున్నాయి?

కాల్వగట్టు: ఊరు మొత్తానివి. 1200 మందిమి. గుంత ఆరడుగులు, అన్ని వైపులా.

మట్టిమనిషి: ఇంటింటికీ కుళాయి నీళ్లిచ్చే జల జీవన్ పథకం లెక్క మనిషికి రోజుకు 55 లీటర్లు. అంటే 66 వేలు. మూడింట రెండొంతులు కాల్వలోకొచ్చినా 44 వేలు. మీ గుంత ఖాళీగా ఉంటేనే ఆరు వేలు పడుతుంది. రాళ్లు పోశాక అందులో సగం కూడా పట్టదు.

స్వచ్ఛపల్లె: అసలు సమస్య మరుగుదొడ్లది, ఎవరూ మాట్లాడరు. మన ఊళ్లలో సెప్టిక్ ట్యాంకు అని కట్టేది ఒక గది, పైపు తెచ్చి కాల్వలో కలిపేస్తారు. రెండు గుంతల దొడ్డి కట్టుకుంటే ఒకటి నిండాక మూసి రెండోది వాడుకోవచ్చు, మూసింది కొన్నాళ్లకు ఎరువవుతుంది. గ్యాస్ ఉన్న ట్యాంకులోకి రక్షణ సామగ్రి లేకుండా మనిషిని దించి శుభ్రం చేయించడం 2013 చట్టం ప్రకారం నేరం, ఇంకా దించుతూనే ఉన్నారు.

వేపచెట్టు: అన్నా, ఆయన అడిగింది కాల్వ గురించి.

స్వచ్ఛపల్లె: నేను చెప్పేదీ కాల్వ గురించే. అందులోకి ఎన్ని దొడ్ల పైపులు వస్తున్నాయో అడగండి.

కాల్వగట్టు: ఉన్నాయండి, ఒక పదో పదిహేనో. అందరి ఇళ్లవీ అంతే కదా. పైగా గుంతకు అటుపక్కే మంచినీళ్ల చెరువు, అందుకే టెన్షన్.

పాతమేస్త్రి: ఈ మాట ముందు చెప్పొద్దా! ఇంకినా ప్రమాదమే. ఆ గుంత పూడ్చేయండి. దొడ్ల పైపులు ముందు కాల్వలోంచి తప్పించండి.

మట్టిమనిషి: చెరువుకు దూరంగా, పల్లంలో పోరంబోకు చూడండి. మట్టి తొట్టి, తర్వాత నీళ్లు వడకట్టే కంకర పడక, అందులో మెట్టతామర మొక్కలు. చివర చిన్న కుంట. స్థలం ఎక్కువుంటే వరసగా మూడు కుంటలు చాలు, కరెంటు అక్కర్లేదు.

వేపచెట్టు: పూడిక తీసే మనిషిని పెట్టకపోతే అదీ ఏడాదిలో దోమల కుంటే. మా పక్కూళ్లో చూశాం.

కాల్వగట్టు: డబ్బులెక్కడివి?

స్వచ్ఛపల్లె: 2020లో మొదలైన స్వచ్ఛ భారత్ గ్రామీణ్ రెండో దశలో 5000 జనాభా లోపు ఊళ్లకు వాడిన నీళ్ల పనికి తలకు 280 రూపాయల వరకు పెట్టారు. అందులో 30 శాతం ఆర్థిక సంఘం నిధుల్లోంచి పెట్టుకోవాలన్నారు. ఇప్పుడెలా ఉందో కనుక్కుని పంచాయతీ తీర్మానం చేసి పంపండి. దాంతోపాటు రెండు గుంతల దొడ్లు కూడా...

వేపచెట్టు: మళ్లీ మొదలు.

కాల్వగట్టు: పోరంబోకులో గడ్డివాములున్నాయి, తీయమంటే గొడవ. ఇంజనీరు గారు సోమవారం వస్తారట, అడుగుతా. థ్యాంక్సండి.

పాతమేస్త్రి: వచ్చినాయనకు చెరువు సంగతి ముందు చెప్పండి.