సమస్యాపూరణం: “ఎగురనేరని వీరుడే యెగిరె మింట”

నిర్వాహకుడు:
నేరుగా ఓటీటీలోకి వచ్చిన ఒక చిన్న సూపర్‌హీరో సినిమా నిన్న రాత్రి చూశాను. హీరో ఎగిరే దృశ్యం మొత్తానికి ఒక్కటే ఉంది. అదీ పూర్తిగా చూపించలేదు. మేడ అంచున రెండు పాదాలు, మెల్లగా లేచిన మడమలు, ఆ తర్వాత ఖాళీ గచ్చు మీద చిన్నదైపోతున్న నీడ. అంతే. ఒళ్లు గగుర్పొడిచింది. నిద్రపట్టక పైన పెట్టిన పాదం అల్లుకున్నాను. అదే సమస్య. దాని ముందు మూడు పాదాలు రాసి, అది పొసిగేలా పద్యం నింపడమే పూరణ.

ఛందస్సు తేటగీతి. పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు (గణమంటే గురులఘువుల, అంటే బరువైన, తేలికైన అక్షరాల గుంపు). నాలుగో గణం మొదటి అక్షరం యతి, అంటే పాదం మొదటి అక్షరంతో దానికి పొత్తు కుదరాలి. బదులుగా రెండో అక్షరాలు కలిసే ప్రాసయతి కూడా చెల్లుతుంది. ఏనుగుల గుంపు దోమ గొంతులో దూరిందన్న పాత సమస్యలాగే ఇక్కడా చిక్కు అర్థంలోనే ఉంది. ఎగరడం రానివాడు ఎగరాలి, పైగా “వీరుడే” అన్న ఏకారానికి న్యాయం జరగాలి.

కెమెరా వెనుక:
ఈ పని చేసి పొట్టపోసుకున్నవాణ్ణి కాబట్టి మొదటి పూరణ నాదే.

నడుమునకు రెండు తీగలు నటుని కుండ
పచ్చతెర ముందు వేలాడి బడలె నతడు;
తుడిచి తీగల, మబ్బులు తోచజేయ
నెగురనేరని వీరుడే యెగిరె మింట.

“తుడిచి” అని ఒక్క మాటలో అనేశాను గానీ ఆ పని ఎలా ఉంటుందో చెప్పాలి. సినిమాకి సెకనుకి 24 ఫ్రేములు. ఐదు సెకన్ల షాట్ అంటే 120 ఫ్రేములు. ప్రతి ఫ్రేములోనూ రెండు తీగల్ని చెరిపి, వాటి వెనకాల ఉండాల్సిన ఆకాశాన్నో గోడనో మళ్లీ అతకాలి. తీగ వెనక ఖాళీ తెర ఉంటే నయం. అది జుట్టు మీదుగానో ఎగిరే కండువా మీదుగానో పోయిందంటే ఆ రాత్రి ఇంటికి వెళ్లడం ఉండదు. ఒక చిన్న సినిమాకి మూడు రాత్రులు అలాగే కూర్చున్నాను. చివరికి ఆ షాట్ తెర మీద ఉన్నది నాలుగు సెకన్లు. ఆ నాలుగు సెకన్లూ ఇప్పటికీ ఇష్టంగా చూసుకుంటాను.

నిర్వాహకుడు:
అనుభవం పద్యానికి బలమిచ్చిందండీ. యతులు న-న, ప-బ, తు-తో, అన్నీ చక్కగా కుదిరాయి. “తోచజేయ” చివర ద్రుతం (నకారం) ఉంది కాబట్టి సమస్యాపాదం “నెగురనేరని” అయింది. యతి ఎకారానికే కాబట్టి ఇబ్బంది లేదు.

అర్థంలో మాత్రం ఒక సందేహం. ఎగరలేనిది నటుడు, ఎగిరింది పాత్ర. సమస్య “ఎగురనేరని వీరుడే” అంటోంది, అంటే రెండూ ఒకరికే చెందాలి. నటుడే తెర మీద వీరుడని సరిపెట్టుకోవచ్చు. కానీ ముడి విప్పినట్టు కాదు, కాస్త వదులు చేసినట్టు.

పుస్తకాల పురుగు:
“పచ్చ” అంటే పసుపు కూడా కదా అన్న ఒక్క అనుమానం తప్ప నాకు పద్యం బాగా నచ్చింది.

కెమెరా వెనుక:
షూటింగులో దాన్ని గ్రీన్ మ్యాట్ అంటాం. ఆ రంగే ఎందుకంటే, ఒంటి రంగుకి అది దూరం. పైగా మామూలు డిజిటల్ కెమెరా సెన్సర్లో ఎరుపుకీ నీలానికీ విడివిడిగా ఉన్నదానికి రెట్టింపు చుక్కలు ఆకుపచ్చకి ఉంటాయి, అంచులు శుభ్రంగా తెగుతాయి. పద్యంలో “పచ్చతెర” చాలనుకున్నాను.

పుస్తకాల పురుగు:
చాలుతుంది లెండి. ఇక నా పూరణ. నిర్వాహకులు అడిగినట్టు ఎగరలేనివాడూ ఎగిరినవాడూ ఒక్కడే.

గంతులేయుట మాత్రమే కలదు మునుపు
కాగితపు బొమ్మ బలశాలి కథల యందు;
బొమ్మ కదలించు వారలు పూని గీయ
నెగురనేరని వీరుడే యెగిరె మింట.

ఇది కల్పన కాదు. 1938లో సూపర్‌మ్యాన్ మొదటిసారి కామిక్ పుస్తకంలో కనిపించినప్పుడు అతనికి ఎగరడం రాదు. గంతు మాత్రమే వేస్తాడు. ఒక్క గంతులో మైలులో ఎనిమిదో వంతు, అంటే దాదాపు 200 మీటర్లు పోతాడు, 20 అంతస్తుల భవనాన్ని దాటేస్తాడు. కథలు నడుస్తూ నడుస్తూ గంతు ఎగురుడైంది. 1941లో మొదలైన యానిమేషన్ లఘుచిత్రాల్లో అతను గాల్లో తేలిపోవడం జనం చూశారు. 1948లో మనుషులతో తీసిన సీరియల్‌కి డబ్బు తక్కువ. అందుకని నటుడు పరుగెత్తి లేవబోయే క్షణం దాకా మనిషి ఉంటాడు, ఆపైన చేత్తో గీసిన బొమ్మ ఎగురుతుంది.

నిర్వాహకుడు:
ముడి పూర్తిగా విడిపోయింది! “మునుపు” అన్న ఒక్క మాటతో కాలాన్ని రెండుగా చీల్చారు. నేరనివాడే తర్వాత నేర్చాడు, ఏకారం సార్థకమైంది. “బొమ్మ-పూని” యతి కూడా ముచ్చటగా ఉంది. ఒక్క లోటు చెప్పనా? చదివినవాడికి సూపర్‌మ్యాన్ సంగతి తెలియకపోతే మొదటి రెండు పాదాలు పట్టుబడవు.

కొత్త కలం:
అందరికీ నమస్కారం. ఇది నా రెండో పద్యం. తప్పులుంటే చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

డబ్బు లేదని నిర్మాత దిగులు పడగ
నింగి చూపక చూపరుల్ నిక్కి చూడ
గాలి సౌండును పెట్టి కథను నడుప
నెగురనేరని వీరుడే యెగిరె మింట.

నిర్వాహకుడు:
ముందు మంచి మాట. రెండో పాదం ఈ వేదిక మీద ఈ మధ్య వచ్చిన పాదాల్లోకెల్లా నాకు ఇష్టమైనది. “చూపక, చూపరుల్, చూడ”, ఒకే చూకారం మూడుసార్లు తిరిగింది. చిన్న సినిమా కిటుకంతా అందులో ఉంది. ఆకాశాన్ని చూపించడం ఖర్చు, ఆకాశంలోకి చూసే ముఖాన్ని చూపించడానికి ఒక మంచి నటి, కాస్త వెలుతురు చాలు.

ఇక సవరణలు. మొదటి పాదంలో “డ”కి “ది”తో యతి కుదరదు. డ టవర్గం, ద తవర్గం, అచ్చులూ వేరే. ప్రాసయతీ లేదు. మూడో పాదంలో “పెట్టి” గురువు, లఘువు, అంతే. ఇంద్రగణానికి చాలదు. తర్వాతి అక్షరాన్ని లాక్కుంటే నాలుగో గణం “థ”తో మొదలై యతి పోతుంది, పాదం చివర ఒక లఘువు తగ్గుతుంది. “సౌండు” వాడినందుకు నాకు అభ్యంతరం లేదు. కానీ ఏ సౌండో చెప్పే తెలుగు మాట ఉన్నప్పుడు అది పెడితే చెవికి ఇంకా దగ్గరగా వినిపిస్తుంది.

కెమెరా వెనుక:
కొత్త కలం గారూ, సౌండు మాట పట్టుకున్నందుకు మీకు దండం. గుడ్డ రెపరెప, ఆపైన గాలి హోరు, ఆ తర్వాత ఒక్కసారిగా నిశ్శబ్దం. ఈ మూడూ వరసగా వినిపిస్తే తెర మీద ఏమీ లేకపోయినా మనిషి లేచిపోయాడని మనసు ఒప్పుకుంటుంది. డబ్బు లేనివాళ్లు చీకట్లో దాచుకుంటారని అనుకుంటారు గానీ ఓటీటీలో అదీ కష్టమే. డేటా తగ్గించడానికి బొమ్మను కుదించినప్పుడు ముందుగా దెబ్బతినేది చీకటి దృశ్యాలే. నల్లటి ఆకాశం మెట్లు మెట్లుగా, చారలుగా విరుగుతుంది. శబ్దం అంతగా మోసం చేయదు.

ఇంటి తెర:
నాది విడుదల గురించి.

తెరలు దొరకక పెట్టెలో దిగులు పడిన
చిన్న చిత్రము చేరెను చేతిలోకి;
గాలి తరగల నింటింటి కథగ మార
నెగురనేరని వీరుడే యెగిరె మింట.

పుస్తకాల పురుగు:
“చేతిలోకి” అనగానే ఫోన్ కళ్ల ముందు మెరిసింది. బాగుందండీ. మూడో పాదంతో మాత్రం పేచీ ఉంది. సినిమా మనదాకా వచ్చేది గాలిలో కాదు. ఖండాల మధ్య సముద్రం అడుగున వేసిన కేబుళ్లలో, నేల మీద ఫైబర్ తీగల్లో వస్తుంది. గాలిలో నడిచేది చాలావరకు టవర్ నుంచి ఫోన్ దాకా, రౌటర్ నుంచి టీవీ దాకా ఉన్న చివరి కాస్త దూరమే. “మింట” అన్న మాట నిలబడాలంటే ఆ చివరి దూరం పద్యంలో కనబడాలి.

ఇంటి తెర:
నిజమే. ఇలా మార్చాను:

తీగ దిగివచ్చి తరగయై తెరను తాక

నిర్వాహకుడు:
ఈ సవరణతో పద్యం ఎక్కడికో వెళ్లిపోయింది. “తరగయై” నగణం (మూడు లఘువులు) మీద గురువు, ఇంద్రగణమే. “తీ-తె” యతి సరి. మొదటి పూరణలో తీగను తుడిచారు, ఇక్కడ తీగ నుంచి దిగారు. రెండు పద్యాలూ పక్కపక్కన చదువుకున్నాను, చాలా సంతోషమనిపించింది.

తాతయ్య:
నాకు సినిమా సంగతులు అంతగా తెలియవు. పొద్దున ఇంట్లో జరిగింది రాశాను.

మెడకు తువ్వాలు ముడివేసి మీదికెక్కి
మంచమున నుండి దుమికిన మనుమ డదిగొ!
తాత చేతుల పైకెత్త, తలను దాటి
యెగురనేరని వీరుడే యెగిరె మింట.

కెమెరా వెనుక:
తాతయ్య గారూ, మీ చేతులే తీగలు. చెరపాల్సిన పని లేదు.

నిర్వాహకుడు:
“దాటి” తర్వాత యడాగమం (అచ్చు ముందు య చేరడం) సరిగ్గా వేశారు. “మనుమ డదిగొ” దగ్గర నేనూ తల తిప్పి చూశాను. ఇక్కడ వీరుడికి నేరకపోవడం, ఎగరడం రెండూ ఒకే క్షణంలో జరిగిపోయాయి. మెచ్చుకోవడం తప్ప సవరించేది ఏమీ కనబడలేదు.

కొత్త కలం:
మీరు చెప్పినవి పట్టుకుని మళ్లీ రాశాను. చూడండి.

ధనము లేదని నిర్మాత తల్లడిల్ల
నింగి చూపక చూపరుల్ నిక్కి చూడ
గాలి హోరును వినిపించి కథను నడుప
నెగురనేరని వీరుడే యెగిరె మింట.

నిర్వాహకుడు:
ధ-త యతి కుదిరింది. “వినిపించి” సలం (రెండు లఘువులు, గురువు, లఘువు), గణం నిండింది. “హోరు” వినబడింది. ఒక్క తప్పూ లేదు. మూడో పద్యం కోసం ఎదురుచూస్తుంటాను.