యార్క్‌లోని ఫెయిర్‌ఫాక్స్ హౌస్: సామాను పోయిన ఇంట్లో చూడడానికి ఏముంటుంది?

మహేంద్రతనయ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. మా అమ్మాయి ఇంగ్లండులోని లీడ్స్‌లో చదువుకుంటోంది. వచ్చే వేసవిలో నేనూ మా అత్తగారూ అక్కడికి వెళ్తున్నాం, ఒక రోజు యార్క్ నగరానికి కేటాయించుకున్నాం. మిన్‌స్టర్ చర్చీ, పాత కోటగోడా ఎలాగూ చూస్తాం గానీ, నాకు ముఖ్యంగా చూడాలని ఉన్నది క్యాజిల్‌గేట్ వీధిలోని ఫెయిర్‌ఫాక్స్ హౌస్, అంటే ఇప్పుడు సందర్శకులకు చూపే 18వ శతాబ్దపు ఇల్లు.

కారణం ఏమిటంటే, పర్లాకిమిడిలో మా మామగారి తాతల నాటి మండువా ఇల్లు ఒకటి ఇంకా నిలిచి ఉంది. టేకు దూలాలూ, సున్నపు గోడలూ గట్టిగానే ఉన్నాయి గానీ, పందిరి మంచం, భోషాణం, గోడ గడియారం అన్నీ పంపకాల్లో తలో దిక్కుకూ వెళ్ళిపోయాయి. ఆ ఇంటిని బాగు చేయించి పదిమందికీ చూపాలని మా మరిది పట్టుదలగా ఉన్నాడు. సామానే లేని ఇంట్లో ఎవరైనా ఏం చూస్తారని మావారి ప్రశ్న. ఫెయిర్‌ఫాక్స్ హౌస్‌లో ఇప్పుడున్న సామాను ఆ కుటుంబానిది కాదని విన్నాను. అది నిజమేనా? అయితే అక్కడ దేన్ని శ్రద్ధగా చూడాలి? అత్తగారికి మోకాళ్ళ నొప్పులు ఉన్నాయి కాబట్టి, ఆవిడను లోపలికి తీసుకువెళ్ళవచ్చో లేదో కూడా తెలిసినవారు చెప్పగలరు.

బరంపురం మాస్టారు:

అమ్మా, మీరు విన్నది నిజమే. ఉద్యోగరీత్యా కొంతకాలం ఆ ప్రాంతంలో ఉన్నవాణ్ణి కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

18వ శతాబ్దంలో యార్క్ ఉత్తర ఇంగ్లండు సంపన్నులకు విడిది నగరం. పల్లెల్లో పెద్ద భవంతులున్న కుటుంబాలు విందులకూ, నాట్యాలకూ, గుర్రప్పందేలకూ నగరానికి వచ్చి కొన్నాళ్ళు ఉండిపోయేవి. 1730లలో లార్డ్ బర్లింగ్‌టన్ రూపకల్పన చేసిన అసెంబ్లీ రూమ్స్ అనే విందుల, నాట్యాల భవనం కూడా అందుకోసం కట్టినదే. యార్క్‌కు ఉత్తరాన గిల్లింగ్ కోటలో ఉండే తొమ్మిదవ వైకౌంట్ (వంశపారంపర్యంగా వచ్చే ప్రభు బిరుదు) ఫెయిర్‌ఫాక్స్, తన పిల్లల్లో బతికి బట్టకట్టిన ఒక్కగానొక్క కూతురు ఆన్ కోసం ఈ ఇంటిని తీసుకుని, జాన్ కార్ అనే వాస్తుశిల్పి చేత 1760ల తొలినాళ్ళలో లోపలంతా కొత్తగా చేయించాడు. వాళ్ళు క్యాథలిక్కులు. క్యాథలిక్కులకు పార్లమెంటులో కూర్చునే హక్కు 1829 వరకూ రాలేదు. పదవుల్లో చూపుకోలేని హోదాను ఆ కుటుంబం ఇంటి రూపంలో చూపుకుందని నా అభిప్రాయం. 1772లో తండ్రి పోయాడు. పెళ్ళి చేసుకోని ఆన్ ఇంటిని అమ్మేసి గిల్లింగ్‌కే వెళ్ళిపోయింది. ఇంత ఖర్చు పెట్టి తీర్చిదిద్దిన ఇంట్లో వాళ్ళు పట్టుమని పదిహేనేళ్ళయినా లేరు.

తరువాత ఆ ఇల్లు ఎన్నో చేతులు మారింది. 20వ శతాబ్దంలో పక్కన సినిమా హాలు లేచి, ఇల్లు దానికి అనుబంధమైపోయింది. మేడ మీది గదులు డాన్సు హాలుగా నడిచాయి. అదృష్టవశాత్తూ సీలింగుల మీది గచ్చు పనితనం చాలావరకు మిగిలింది. 1946లో ఏర్పడిన యార్క్ సివిక్ ట్రస్ట్ అనే పౌర సంస్థ 1982 నుంచి 1984 వరకు ఇంటిని పునరుద్ధరించి ప్రజలకు తెరిచింది.

ఇక సామాను సంగతి. యార్క్‌లో చాక్లెట్లకు పేరుమోసిన టెర్రీ కుటుంబానికి చెందిన నోయెల్ టెర్రీ, 18వ శతాబ్దపు ఇంగ్లీషు కలపసామానునూ గడియారాలనూ ఎంతో ఇష్టంగా సేకరించాడు. ఆయన 1980లో మరణించాక ఆ సేకరణ ఈ ఇంటికి చేరింది. కాబట్టి మీరు ఏ గదిలోకి వెళ్ళినా గోడలూ, సీలింగూ, తలుపులూ ఒక కథ చెబుతాయి, బల్లలూ కుర్చీలూ ఇంకో కథ చెబుతాయి. ఈ రెండింటినీ విడివిడిగా చూడడం అలవాటు చేసుకుంటే మీకు కావలసింది దొరుకుతుంది.

నా మట్టుకు నాకు అన్నిటికన్నా మెట్ల హాలు ఇష్టం. మధ్యలో ఎత్తైన కమానూ, దానికి చెరో పక్కన సన్నని కిటికీ ఉండే మూడు భాగాల వెనీషియన్ కిటికీ నుంచి మెట్ల మీద వెలుగు పడుతుంది. ఇనుప కటకటాల తీగపనిని చేత్తో తడమబుద్ధేస్తుంది. తలెత్తి చూస్తే సీలింగు మీది ఆకులూ తీగలూ తమ నీడ తమ పక్కనే పడేంత ఉబ్బుగా ఉంటాయి. ఇందులో ఒక్కటి కూడా విప్పి పట్టుకుపోయే వస్తువు కాదు. మీ ఇంటి దూలాలకూ ఇదే మాట వర్తిస్తుంది.

జయపురం పాఠకుడు:

మాస్టారు చెప్పిన చరిత్రతో నాకు పేచీ లేదు. అయితే అభిరుచి గల ఒక సంపన్నుడు ఏరి కూర్చిన సామానుతో నింపిన ఇంట్లో అన్నీ మేలైనవే కనిపిస్తాయని, ఆ కాలపు మామూలు జీవితం వెనక్కి పోతుందని నా అనుమానం. ఇంట్లో ఒక వంటగదినీ అమర్చి చూపుతారు గానీ, చూడవచ్చిన వాళ్ళ కళ్ళు మాత్రం నున్నగా మెరిసే మహాగనీ కలప దగ్గరే ఆగిపోతాయి. ఆ కలప జమైకా మొదలైన చోట్ల నుంచి వచ్చింది. దాన్ని నరికింది బానిసలు. ఆ సంగతి మనసులో పెట్టుకుని చూడమని మహేంద్రతనయ గారికి నా మనవి.

వీలైతే ఎప్పుడైనా బ్రిస్టల్‌లోని జార్జియన్ హౌస్ కూడా చూడండి. అది కరీబియన్ సముద్రంలోని నెవిస్ దీవిలో చెరకు తోటలున్న జాన్ పిన్నీ ఇల్లు. ఆయన తన వెంట బ్రిస్టల్‌కు తీసుకువచ్చిన పెరో అనే బానిస కథను అక్కడ దాచకుండా చెబుతారు. ఆ నగరంలో ఒక వంతెనకు కూడా పెరో పేరు పెట్టారు. ఇంటిని చూపడమంటే యజమానుల్ని మాత్రమే చూపడం కాదని నాకు అక్కడ అర్థమైంది. పర్లాకిమిడి ఇంట్లో కూడా దంచినవాళ్ళూ, నీళ్ళు మోసినవాళ్ళూ ఉండే ఉంటారు కదా!

మరో సంగతి. ఆ కాలంలో మన విశాఖపట్నం వడ్రంగులు దంతపు చెక్కడాలు పొదిగి చేసిన కుర్చీలూ పెట్టెలూ ఇంగ్లండు సంపన్నుల ఇళ్ళకు చేరాయి. అలాంటివి లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. లండన్ మీదుగా వెళ్తున్నట్లయితే వాటిని తప్పక చూడండి.

రాయగడ ప్రయాణికురాలు:

ప్రయాణం సంగతి మాత్రం చెబుతాను. లీడ్స్ నుంచి యార్క్‌కు రైల్లో అరగంట లోపే పడుతుంది. స్టేషను నుంచి క్యాజిల్‌గేట్‌కు నడిచి వెళ్ళవచ్చు గానీ, పెద్దావిడ ఉన్నారు కాబట్టి టాక్సీ నయం. క్లిఫర్డ్స్ టవర్ అని చెబితే సరిపోతుంది, ఇల్లు దానికి దగ్గరలోనే ఉంది. పాత ఇంట్లో మెట్లు ఎక్కకుండా మేడ మీది గదులు చూడడం కష్టం. కింది గదుల్లో కూర్చోవడానికి వీలుంటుందేమో ముందే ఫోను చేసి కనుక్కోండి. తెరిచి ఉండే రోజులూ వేళలూ కూడా అప్పుడే అడగండి. మిన్‌స్టర్‌ను మధ్యాహ్నానికి ఉంచుకుని ఉదయమే ఇక్కడికి వస్తే అత్తగారు అలసిపోకుండా చూడగలుగుతారు.

మహేంద్రతనయ:

అందరికీ కృతజ్ఞతలు. జయపురం వారు చెప్పిన మాట మా మరిదికి చదివి వినిపించాను. వెనక వసారాలో రోలూ రోకలీ ఇంకా ఉన్నాయని అతనే గుర్తుచేశాడు. మాస్టారు గారూ, ఒక్క సందేహం మిగిలింది. బంధువుల దగ్గరి నుంచి గానీ, బయట కొని గానీ అదే కాలపు మంచమూ భోషాణమూ తెచ్చి పెడితే, చూడవచ్చినవాళ్ళను మోసం చేసినట్టు కాదా?

బరంపురం మాస్టారు:

చెప్పకుండా పెడితే మోసమే అవుతుందమ్మా, చెప్పి పెడితే కాదు. ఫెయిర్‌ఫాక్స్ హౌస్ వాళ్ళు టెర్రీ సేకరణ పేరును ఎక్కడా దాచలేదు, నోయెల్ టెర్రీ కథ ఇప్పుడు ఆ ఇంటి కథలో భాగమైపోయింది. మీరూ ఆ పద్ధతే పాటించండి. పంపకాల్లో వెళ్ళిన వస్తువు తిరిగివస్తే ఎవరి వాటా నుంచి వచ్చిందో రాయండి, కొని తెచ్చినదైతే కొన్నదని రాయండి. ఏమీ దొరకని గదిని ఖాళీగానే ఉంచండి. దూలాలూ గోడలూ ఉన్న గదికి ఖాళీగా ఉండడం చిన్నతనమేమీ కాదు.

అన్నిటికన్నా ముందు చేయవలసిన పని మరొకటి ఉంది. ఏ గదిలో ఏ వస్తువు ఏ గోడవైపు ఉండేదో మీ అత్తగారికి గుర్తున్నంత వరకూ అడిగి రాసిపెట్టుకోండి. విమానంలో పక్కపక్కనే కూర్చుంటారు కాబట్టి ఆ పనికి తీరిక దొరుకుతుంది. ఇంటి నక్షా ఒకటి గీసుకుని వెంట తీసుకువెళ్ళండి.